సజ్జచేనుకు పటం గీసిన గణితం

సజ్జలు తెలుగువారికి కొత్త ధాన్యం కాదు. రాయలసీమలోను, తెలంగాణలోను, ప్రకాశం జిల్లా మెట్టలలోను సజ్జ రొట్టె, సజ్జ సంగటి తరతరాలుగా శ్రమజీవుల ఆకలి తీర్చాయి. పండుగనాడు అదే పిండితో బూరెలు వండుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వరికి చాలినంత నీరు లేని చోట, అరకొర వర్షంతో, ఇసుక నేలలో సైతం గింజ పట్టగల పంట ఇది. ఇటువంటి పంటకు తొలి వివరమైన జన్యుపటం ఎక్కడ తయారైనదని అడిగితే చాలామంది హైదరాబాదు పేరో, రాజస్థాన్ పేరో చెప్పవచ్చు. నిజానికి ఆ పటం రూపొందినది ఇంగ్లండు తూర్పుకొసన ఉన్న నారిచ్ నగరంలో, జాన్ ఇన్నెస్ కేంద్రంలో. 1994లో అది ప్రచురితమైనది.

ఆ పటాన్ని కలంతో గీయలేదు. మొక్కలనుండి సేకరించిన సమాచారాన్ని కంప్యూటరుకు అందించి, లెక్కకట్టి సాధించారు. ఆ లెక్కల వెనుక దాదాపు వందేళ్ళ ఆలోచన ఉన్నది. అందులో బ్రిటిష్ శాస్త్రజ్ఞులతోపాటు మన దేశీయులకు, అందులోను ఒక తెలుగువానికి, గౌరవప్రదమైన స్థానం ఉన్నది.

తెగులు తెచ్చిన అవసరం

భారతదేశపు తొలి సజ్జ హైబ్రిడ్ హెచ్.బి.1 లూధియానాలో రూపొంది 1965లో విడుదలైనది. దాని తల్లి వంశం అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ నుండి వచ్చిన టిఫ్ట్ 23ఎ. దిగుబడి పెరిగింది, రైతులు ఆదరించారు. కాని ఒకే తల్లి వంశానికి చెందిన హైబ్రిడ్లు విస్తారంగా వ్యాపించడంతో చేలన్నీ జన్యుపరంగా ఒకే పోలికకు వచ్చాయి. 1970 దశకపు తొలి సంవత్సరాలలో వెర్రికంకి తెగులు వాటిమీద విరుచుకుపడింది. ఈ తెగులు సోకిన మొక్కలో గింజ పట్టవలసిన కంకి ఆకుల గుత్తిగా మారిపోతుంది. చూపుకు చేను పచ్చగానే ఉంటుంది. కోతనాటికి గింజ మాత్రం ఉండదు. స్క్లెరోస్పోరా గ్రామినికోలా అనే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి దీనికి కారణం.

తెగులును తట్టుకునే సజ్జ వంశాలు లేకపోలేదు. వాటి గుణాన్ని మంచి దిగుబడినిచ్చే రకంలోకి తీసుకురావడమే కష్టం. తట్టుకునే మొక్కను మేలురకంతో సంకరపరచినపుడు, కోరుకున్న ఒక్క గుణమే రాదు. పంటకాలం పెరగడం, గింజ తగ్గడం వంటి అక్కరలేని లక్షణాలు కూడా వెంటబడి వస్తాయి. ఆ సంతానాన్ని మేలురకంతో మళ్ళీ మళ్ళీ సంకరపరుస్తూ పోతే దాత మొక్క వాటా సగటున సగానికి సగం తగ్గుతూ వస్తుంది: 50 శాతం, 25, 12.5, ఇలాగ. అయితే ప్రతి తరంలోను కావలసిన జన్యువు మిగిలి ఉన్నదో, మిగతా వాటితో కొట్టుకుపోయిందో తెలియాలి. తెలుసుకోవాలంటే మొక్కలకు తెగులు అంటించి చూడాలి. ఆ జన్యువు ఏ క్రోమోజోముమీద, ఏ గుర్తుల నడుమ ఉన్నదో ముందే తెలిస్తే, నారుదశలోనే ఒక ఆకుముక్క తీసి పరీక్షించవచ్చు. జన్యుపటం అవసరం ఇక్కడ వస్తుంది.

విడిపోవడాన్నిబట్టి దూరం

జన్యువులను కొలబద్దతో కొలవలేరు. వాటి మధ్య దూరాన్ని, అవి తరానికి తరానికి మధ్య ఎంత తరచుగా విడిపోతున్నాయనే దానినిబట్టి అంచనా కడతారు. ఈ విడిపోవడాన్ని తెలియజేసిన తొలి ఆధారాలలో ఒకటి 1905లో కేంబ్రిడ్జిలో దొరికింది. విలియం బేట్సన్, ఎడిత్ సాండర్స్, రెజినాల్డ్ పనెట్ స్వీట్ పీ అనే తోటమొక్కలో పూలరంగును, పుప్పొడి రేణువు ఆకారాన్ని పరిశీలించారు. మెండెల్ సూత్రం ప్రకారం ఆ రెండూ దేనికది స్వతంత్రంగా పంచుకోబడాలి. కాని ఊదారంగు పూలు, పొడవైన రేణువులు లెక్కకు మించి జంటగా కనిపించాయి. దీనినే సహలగ్నత అంటారు. దానికి సరైన కారణాన్ని, అనగా జన్యువులు ఒకే క్రోమోజోముమీద ఇరుగుపొరుగుగా ఉండటమే కారణమన్న సంగతిని, 1911లో అమెరికాలో థామస్ హంట్ మోర్గన్ సూచించాడు. బీజకణాలు ఏర్పడే సమయంలో జంట క్రోమోజోములు పరస్పరం ముక్కలు మార్చుకుంటాయి. దగ్గరగా ఉన్న జన్యువుల మధ్య ఈ మార్పిడి అరుదు. దూరంగా ఉన్నవాటి మధ్య తరచు. మోర్గన్ శిష్యుడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని, పండ్ల ఈగలో ఆరు లక్షణాలను వరుసలో అమర్చి, 1913లో ప్రపంచంలోనే తొలి జన్యుపటాన్ని ప్రకటించాడు.

పద్ధతి సులభమే. క, ఖ, గ అనే మూడు గుర్తులను 100 మొక్కల సంతానంలో పరిశీలించామనుకుందాము. క, ఖ అనేవి 4 మొక్కలలో విడిపోయాయి. ఖ, గ అనేవి 9 మొక్కలలో. క, గ అనేవి 13 మొక్కలలో. అన్నిటికంటె ఎక్కువగా విడిపోయినవి క, గ కనుక అవి రెండు కొసలు. ఖ వాటి నడుమ ఉండాలి. నూరింట ఒక్కసారి విడిపోయే దూరాన్ని ఒక సెంటీమోర్గన్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇతడే తరువాతి కాలంలో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు.

హాల్డేన్, కోశాంబి, రావు

అయితే ఈ కొలతలో ఒక చిక్కు ఉన్నది. రెండు గుర్తుల మధ్య మార్పిడి రెండుసార్లు జరిగితే, రెండవది మొదటిదానిని కప్పిపుచ్చుతుంది. గుర్తులు అసలు విడిపోనట్లే కనిపిస్తాయి. అందుచేత దూరం పెరిగేకొద్దీ కంటికి కనిపించే లెక్క అసలు దూరంకంటె తక్కువగా వస్తుంది. దీనిని సరిదిద్దే సూత్రాన్ని హాల్డేన్ 1919లో ఇచ్చాడు. ఒకచోట జరిగిన మార్పిడి మరొకచోట జరిగే మార్పిడిని ప్రభావితం చేయదని ఆయన భావించాడు. జీవులలో చాలాచోట్ల అలా జరగదు. ఒక మార్పిడి జరిగినచోట దాపులో మరొకటి జరగడం అరుదు. ఈ అంశాన్ని కలుపుకొని మరొక సూత్రాన్ని 1944లో లండన్ పత్రిక 'ఆనల్స్ ఆఫ్ యూజెనిక్స్'లో ప్రకటించినవాడు దామోదర ధర్మానంద కోశాంబి. ప్రాచీన భారత చరిత్రకారుడుగా తెలుగు పాఠకులకు సుపరిచితుడైన కోశాంబి ఇతడే. వృత్తిరీత్యా గణితవేత్త.

రెండు సూత్రాల తేడాను ఒక ఉదాహరణతో చూడవచ్చు. 100 మొక్కలలో 20 మొక్కల్లో గుర్తులు విడిపోతే, హాల్డేన్ లెక్కలో దూరం 25.5 సెంటీమోర్గన్లు, కోశాంబి లెక్కలో 21.2. నేటికీ జన్యుపటాల సాఫ్ట్‌వేరు తెరిస్తే ఎంచుకోవలసిన సూత్రాల జాబితాలో ఈ రెండు పేర్లూ కనిపిస్తాయి.

మూడవ పేరు తెరమీద కనిపించదు గాని, కథలో దాని స్థానం చిన్నది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో పనిచేస్తూ, 1946లో కేంబ్రిడ్జికి వచ్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమెరిగిన సి.ఆర్. రావు, అక్కడి మ్యూజియంలో ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పనికి కుదిరారు. డాక్టరేటుకు గురువు ఆర్.ఎ. ఫిషర్. ఫిషర్ తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో రావుకు అప్పగించిన పని, చిట్టెలుకలను సంకరపరచి వాటి క్రోమోజోములకు పటం తయారుచేయడం. మూడు జన్యువులు ఒకేసారి పంచుకోబడే తీరునుండి సహలగ్నతను లెక్కించే పద్ధతులపై రావు వ్రాసిన వ్యాసం 1950లో 'హెరెడిటీ' పత్రికలో వెలువడింది. చేతికి వచ్చిన సమాచారాన్ని ఏ పటం అన్నిటికంటె బాగా సమర్థిస్తుందో దానినే ఎంచుకోవాలన్నది ఫిషర్ నెలకొల్పిన గరిష్ఠ సంభావ్యతా సూత్రం. నేటి జన్యుపటాల సాఫ్ట్‌వేరులో అధికభాగం ఆ సూత్రం చుట్టూ అల్లినదే. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొంది, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయస్సులో రావు పరమపదించారు.

చేతిలెక్క చాలనిచోట

మూడు గుర్తులకు వరుస కట్టడం పిల్లలు కూడా చేయగలరు. 10 గుర్తులైతే సాధ్యమైన వరుసలు 18,14,400. 20 గుర్తులైతే ఆ సంఖ్య 12 పక్కన 17 సున్నాలు వ్రాసిన దానికంటె పెద్దది. సెకనుకు పది లక్షల వరుసలను పరీక్షించే యంత్రానికైనా వాటన్నిటినీ చూడటానికి 38 వేల సంవత్సరాలకు పైగా పడుతుంది. సజ్జలో ఉన్నవి ఏడు జతల క్రోమోజోములు. ఒక్కొక్కదానిమీద పదుల సంఖ్యలో గుర్తులు. కనుక కంప్యూటరు ఉన్నంతమాత్రాన చాలదు. అన్ని వరుసలనూ చూడకుండానే సరైనదానిని పట్టుకోగల ఉపాయం కూడా ఉండాలి.

అటువంటి ఉపాయాలతో 1987లో ఎరిక్ లాండర్, ఆయన సహచరులు అమెరికాలో రూపొందించిన 'మ్యాప్‌మేకర్' ఈ రంగంలో మైలురాయి. ఏయే గుర్తులు ఒకే గుంపుకు చెందుతాయో అది మొదట విడదీస్తుంది. ఇందుకు వాడే కొలతను లాడ్ అంటారు. లాడ్ విలువ 3 అయితే, రెండు గుర్తులు జంటగా ఉన్నాయనే ఊహ, లేవనే ఊహకంటె వెయ్యి రెట్లు బలంగా ఉన్నదని అర్థం. తరువాత కొద్ది గుర్తులతో గట్టి వరుస కట్టి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తగినచోట చొప్పిస్తారు. 1993లో నెదర్లాండ్స్‌లోని వాఖనింగన్‌లో పీట్ స్టామ్ వెలువరించిన 'జాయిన్‌మ్యాప్' వేర్వేరు సంకరాలనుండి వచ్చిన పటాలను ఒకటిగా కలిపే సౌకర్యాన్ని చేర్చింది.

నారిచ్, బాంగర్, పటాన్‌చెరు

ఈ వాతావరణంలోనే సజ్జ పటం పని సాగింది. నారిచ్‌లో మైకేల్ గేల్ బృందం, వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయపు మెట్టభూముల అధ్యయన కేంద్రంలో జాన్ విట్‌కోంబ్ బృందం, హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో టామ్ హాష్ బృందం బ్రిటిష్ ప్రభుత్వపు అభివృద్ధి నిధులతో చేతులు కలిపాయి. డి.ఎన్.ఎ.ను ఎంజైములతో ఖండించి, ముక్కలను జెల్‌లో పరుగెత్తించి, తల్లిదండ్రుల మధ్య ముక్కల పొడవులో ఉన్న తేడాలనే గుర్తులుగా తీసుకున్నారు. 1994 నాటి పటంలో 181 గుర్తులు ఏడు గుంపులుగా అమరాయి. మొత్తం పొడవు 303 సెంటీమోర్గన్లు. మరుసటి సంవత్సరమే ఆ పటంమీద వెర్రికంకి తెగులును తట్టుకునే జన్యుస్థానాలను గుర్తించారు. భారతదేశం, నైజీరియా, నైజర్, సెనెగల్ దేశాలనుండి తెచ్చిన తెగులు జీవులతో మొక్కలను పరీక్షించి, ఫలితాలను మ్యాప్‌మేకర్ కుటుంబానికే చెందిన మరొక ప్రోగ్రాముతో విశ్లేషించారు. నాలుగింటికీ పనికివచ్చే స్థానం ఒక్కటి కూడా దొరకలేదు. ఒక దేశపు తెగులును ఆపిన జన్యువు మరొక దేశంలో ఆపలేకపోవచ్చునని దీనివలన తేలింది.

ఫలితం పొలానికి చేరడానికి మరొక పదేళ్ళు పట్టింది. హర్యానాలో 1990లో విడుదలైన హెచ్.హెచ్.బి. 67 అనే హైబ్రిడ్ సుమారు 65 రోజులలోనే పంటకు వచ్చేది. వానలు ముందుగా ముగిసే ప్రాంతాలకు అది వరప్రసాదం. కాలక్రమాన అది కూడా వెర్రికంకి తెగులుకు లొంగే సూచనలు కనిపించాయి. కొత్త రకం వెదకడం కంటె ఉన్నదానినే బాగుచేయడం మేలని శాస్త్రజ్ఞులు తలచారు. దాని తండ్రి వంశంలోకి ఐ.సి.ఎం.పి. 451 అనే వంశంనుండి తెగులును తట్టుకునే జన్యుభాగాలను, పటంలోని గుర్తులను అనుసరిస్తూ చేర్చారు. తల్లి వంశాన్ని సాధారణ సంకర పద్ధతిలో మెరుగుపరచారు. ఆ విధంగా 2005లో విడుదలైన 'హెచ్.హెచ్.బి. 67 ఇంప్రూవ్డ్' తరువాతి సంవత్సరాలలో లక్షల హెక్టార్లకు విస్తరించింది.

ఈ పనిలో గుర్తుల వరుస ఎందుకంత ముఖ్యమో గమనించాలి. కావలసిన జన్యువుకు ఇరుపక్కలా ఉన్న రెండు గుర్తులను చూసి మొక్కను ఎన్నుకుంటారు. వరుస తప్పయితే, ఇరుపక్కలా ఉన్నాయనుకున్న గుర్తులు రెండూ ఒకే పక్కన ఉండవచ్చు. అప్పుడు గుర్తులు మిగిలి జన్యువు జారిపోయే ప్రమాదం ఉన్నది. ఆ సంగతి బయటపడేది ఎన్నో తరాల తరువాత, తెగులు సోకిన చేలో.

గుర్తులు పెరిగితే వచ్చే తిప్పలు

నేడు ఒక్కొక్క మొక్కలో వేలకొద్దీ డి.ఎన్.ఎ. అక్షర భేదాలను ఒకేసారి చదవగలుగుతున్నారు. గుర్తులు ఎక్కువైతే పటం దానంతట అదే చిక్కబడుతుందని అనిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. 100 మొక్కల సంతానంలో రెండు గుర్తులు ఒక్కసారి కూడా విడిపోకపోతే, వాటిలో ఏది ముందో ఏది వెనుకో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. అవి ఒకే మెట్టుమీద గుంపుగా నిలబడతాయి. పటం చిక్కబడాలంటే గుర్తులతోపాటు మొక్కలూ పెరగాలి.

రెండవ తిప్ప చదవడంలో దొర్లే పొరపాట్లు. ఒక క్రోమోజోము పొడవు 100 సెంటీమోర్గన్లు, దానిమీద సెంటీమోర్గన్‌కు ఒకటి చొప్పున 100 గుర్తులు ఉన్నాయనుకుందాము. నూటికి ఒక్క గుర్తు తప్పుగా చదివినా, ఆ తప్పుకు రెండువైపులా లేని మార్పిడులు రెండు కనిపిస్తాయి. అనగా ప్రతి మొక్కలోను సగటున రెండు బూటకపు మార్పిడులు. పటం 100కు బదులు దాదాపు 300 సెంటీమోర్గన్లకు సాగిపోతుంది. అదే పొరపాటు రేటుతో పది గుర్తులే ఉంటే, సాగేది 20 సెంటీమోర్గన్ల వరకే. అందుచేత నేటి సాఫ్ట్‌వేరు పనిలో పెద్దభాగం, ఏ సమాచారాన్ని అనుమానించాలో తేల్చడమే.

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో వెలువడిన 'ఎం.ఎస్.టి. మ్యాప్' దీనికి చక్కని ఉదాహరణ. అది గుర్తులను ఊళ్ళుగాను, విడిపోయిన లెక్కను ఊళ్ళ మధ్య దూరంగాను భావిస్తుంది. అన్ని ఊళ్ళనూ కలుపుతూ మొత్తంమీద అతి తక్కువ పొడవుగల దారులు వేస్తుంది. సమాచారం స్వచ్ఛమైనదైతే ఆ దారులు కొమ్మలు లేని ఒకే బాటగా వస్తాయి. అదే గుర్తుల వరుస. సమాచారంలో తప్పులుంటే కొమ్మలు పుడతాయి. ఇరుగుపొరుగులతో పొసగని విలువలను ప్రోగ్రాము అనుమానించి, వాటిని పక్కనబెట్టి మళ్ళీ లెక్కవేస్తుంది. వేలకొద్దీ గుర్తులను ఈ విధంగా త్వరగా అమర్చగలుగుతున్నారు.

డండీలో బంగాళాదుంప

సజ్జలో ప్రతి క్రోమోజోముకు రెండు ప్రతులు ఉంటాయి. మనం సాధారణంగా తినే బంగాళాదుంపలో నాలుగు. కనుక ఒక గుర్తు ఉన్నదా లేదా అన్నది చాలదు. నాలుగు ప్రతులలో ఎన్నింటిలో ఉన్నదో తెలియాలి. సున్నా నుండి నాలుగు వరకు ఎంతైనా కావచ్చు. రెండు ప్రతుల పంటలకు వ్రాసిన సాఫ్ట్‌వేరు ఇక్కడ నేరుగా పనిచేయదు.

ఈ కొరతను తీర్చినది స్కాట్లండు. అక్కడి జీవగణిత, గణాంకశాస్త్ర సంస్థకు చెందిన క్రిస్టీన్ హాకెట్, బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయపు లువో కలిసి 2003లో 'టెట్రాప్లాయిడ్‌మ్యాప్'ను ప్రకటించారు. ఆ తరువాత డండీ శాస్త్రజ్ఞులు 190 దుంపమొక్కల సంతానాన్ని, సుమారు 8,300 గుర్తులను చదివే ఫలకంతో పరీక్షించి, పన్నెండు క్రోమోజోములకూ పటాలు గీశారు. అక్షరాల మోతాదును కూడా లెక్కలోకి తీసుకునే 'టెట్రాప్లాయిడ్ ఎస్.ఎన్.పి. మ్యాప్' 2017లో వచ్చింది. 1845లో ఐర్లండును కరువులోకి నెట్టిన దుంపతెగులు నేటికీ అంతరించలేదు; దానిని తట్టుకునే రకాలకోసం ప్రయత్నం సాగుతూనే ఉన్నది.

పటం, పొలం

2017లో సజ్జ జన్యురాశి మొత్తాన్ని చదివి ప్రకటించారు. సుమారు 179 కోట్ల అక్షరాలు, 38,579 జన్యువులు. ఇక పటాలతో పనేమున్నదని ఎవరైనా అడగవచ్చు. ఈ విధంగా చదివిన జన్యురాశి మొదట ముక్కలు ముక్కలుగా చేతికి వస్తుంది. ముక్కలను ఏ క్రోమోజోముమీద ఏ వరుసలో పేర్చాలో చెప్పడానికి జన్యుపటం ఎంతగానో తోడ్పడుతుంది. అంతేకాక, అక్షరాలు తెలిసినంతమాత్రాన ఏ భాగం తెగులును ఆపుతుందో తెలియదు. అది సంతానంలో గుణాలు పంచుకోబడే తీరును చూసే తేల్చాలి.

పటం తనంతట తాను పంటను పండించదు. తెగులు జీవి మారుతూ ఉంటుంది; నేడు ఆపిన జన్యువు రేపు ఆపలేకపోవచ్చు. పటాన్ని మళ్ళీ తెరచి, మరొక జన్యుస్థానాన్ని వెదకి, మొదటిదానికి తోడుగా చేర్చవలసి వస్తుంది. ఈ పనికి పొలంలో మొక్కను గుర్తుపట్టగల కన్ను, ప్రయోగశాలలో డి.ఎన్.ఎ.ను చదవగల చెయ్యి, లెక్కలు కట్టగల బుద్ధి మూడూ కావాలి. ఇంగ్లండులోను, స్కాట్లండులోను, వేల్స్‌లోను గణితమో కంప్యూటరు శాస్త్రమో చదువుతున్న తెలుగు పిల్లలకు, వ్యవసాయం తమ చదువుకు దూరమైన విషయమని తోచవచ్చు. చిట్టెలుకల లెక్కలతో కేంబ్రిడ్జిలో కూర్చున్న యువకుడు రావు కూడా గణితశాస్త్ర విద్యార్థే. జన్యుపటాల సాఫ్ట్‌వేరులో 'ఆర్-క్యూటీఎల్' వంటివి ఎవరికైనా ఉచితంగా లభిస్తాయి. అనంతపురం మెట్టలో సజ్జ విత్తే రైతుకు ఆ లెక్కలతో పరిచయం ఉండనక్కరలేదు. అతనికి కావలసినది కోతనాటికి గింజ నిండిన కంకి. ఆ గింజ నిండటంలో గుర్తుల వరుసను తప్పులేకుండా తేల్చినవారి పాలు కూడా ఉన్నది.